వేటగాడి కోటు ఎవరి కోసం కుడుతున్నారు

కిందటి నవంబరులో, తుపాకీతో జింకను వేటాడనిచ్చే రైఫిలు సీజను ఇంకా మొదలు కాకముందు, మా పొరుగాయన వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్లో పరుచుకున్న వేట జాకెట్టు భుజం మీది కంపెనీ గుర్తును బ్లేడుతో ఊడదీస్తున్నారు. గుడ్డకు గాటు పడకుండా దారం మాత్రమే తెగేలా, కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, ఒక్కొక్క కుట్టే తెంపుతున్నారు. ఎందుకని అడిగితే, “డబ్బు పెట్టి కొన్నదీ నేనే, వాళ్లకు ఊరికే బోర్డు మోసేదీ నేనేనా?” అన్నారు. పశ్చిమ పెన్సిల్వేనియాలో ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ఏళ్ల తరబడి ఆ కంపెనీ సరుకు తప్ప మరొకటి తొడగలేదు. కొడుకు చేత, అల్లుడి చేత అదే కొనిపించారు. నేను ఈ దేశం వచ్చాక వేట నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు నాకూ అదే చెప్పారు. ఇప్పుడేమో జాకెట్టు ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి వాడతానంటారు, దాని పేరు మాత్రం తన ఒంటి మీద ఉండకూడదంటారు.

కోపానికి కారణం ఔట్‌లెట్ మాల్‌లో ఆ కంపెనీ కొత్తగా తెరిచిన దుకాణం. అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మలకు పట్నంలో తిరగడానికి పనికొచ్చే సన్నటి కోట్లు తొడిగారు. చేతిలో కాఫీ కప్పులు పెట్టారు. వేట దుస్తులు లోపల వెనక గోడకు చేరాయి. ఇలాంటి మాటలు, జింకల వేటకు వచ్చినవాళ్లు కలిసి బస చేసే డీర్ క్యాంపుల్లో రాత్రి భోజనాల దగ్గర తరచుగా వినిపిస్తూనే ఉంటాయి. కంపెనీ పేరు మారుతుంది, మనిషి మారతాడు, ఫిర్యాదు మాత్రం ఒకటే: మన పేరు చెప్పుకుని ఎదిగారు, ఎదిగాక మనల్ని వదిలేశారు.

ఈ ఫిర్యాదును నేను తేలిగ్గా తీసుకోను. అయితే వేటగాళ్లు చెప్పే కారణం ఒకటి, నాకు కనిపించే కారణం ఇంకొకటి. కంపెనీ వ్యాపారమయం అయిపోయిందని, ఎవరు పడితే వాళ్లు అవే కోట్లు తొడుగుతున్నారని వాళ్లు అంటారు. వ్యాపారం మొదటి రోజు నుంచీ ఉన్నదే. నేను తొడిగిన కోటే విమానాశ్రయంలో ఇంకొకరు తొడిగినంత మాత్రాన నాది చల్లబడదు. ఆ కోటు ఎప్పుడు పని చేస్తుందో ఎప్పుడు చేయదో తెలియని మనిషే కంపెనీ అమ్మకాల్లో ఎక్కువ భాగం అయిపోయినప్పుడు అసలు మార్పు వస్తుంది. వానలోకి ఎప్పుడూ వెళ్లని జాకెట్టుకు వాన ఆపే శక్తి తగ్గిందని చెప్పేవాళ్లెవరూ ఉండరు. చెప్పేవాళ్లు లేనప్పుడు ఆ శక్తిని నిలబెట్టడానికి ఖర్చు పెట్టవలసిన అవసరం ఏ లెక్కల మనిషికీ కనిపించదు. వేటగాళ్లు ఆ బ్రాండును వదిలేయడం సబబేనని నేను అనుకోవడానికి కారణం ఇది.

మంచె మీద తెలిసేది

మన వైపు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలతో షికారు చట్టరీత్యా దాదాపు ముగిసిపోయింది కాబట్టి, వేట కోసం ప్రత్యేకంగా దుస్తులు కుట్టి అమ్మే బజారు మనకు లేదు. ఇక్కడ అది పెద్ద బజారు. ఆ కోటు మీద ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే అది చేయవలసిన పని తెలియాలి.

తెల్లవారకముందే చీకట్లో అర మైలు ఎగువకు నడవాలి, ఆ నడకలో చెమట పడుతుంది. తర్వాత చెట్టుకు బిగించిన మంచె ఎక్కి, నీరు గడ్డకట్టే చలిలో గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. ఇందాకటి చెమట ఒంటికి అంటుకుని అప్పుడు వణికిస్తుంది. జింక దగ్గరికి వచ్చాక మోచెయ్యి పైకి లేపితే చంక కింద గుడ్డ గరగరమనకూడదు. జిప్పు గాలికి ఊగి చప్పుడు చేయకూడదు. వీపు సంచి పట్టీ ఒరుసుకునే చోట కుట్టు విడిపోకూడదు. వీటిలో ఏ ఒక్కటీ దుకాణంలో అద్దం ముందు నిలబడి తేల్చుకునేది కాదు. కోటు చెడ్డదని తెలిసేసరికి మనిషి కొండ మీద ఉంటాడు, మార్చుకోవడానికి ఇంకో కోటు ఉండదు.

అందుకే వేటగాళ్ల బ్రాండు అభిమానంలో మొండితనం కన్నా జాగ్రత్త ఎక్కువ. తండ్రి వాడాడు, మోసం చేయలేదు, కనుక కొడుకూ అదే కొంటాడు. తనకు తానుగా పరీక్షించుకోలేని విషయంలో ఇతరుల అనుభవాన్ని అరువు తెచ్చుకోవడం అది. మా ప్రాంతంలో ఆ పాత్ర చాలాకాలం ఊల్‌రిచ్‌ది. 1830లో మొదలైన ఆ కంపెనీ పేరు మీదే పెన్సిల్వేనియాలో ఒక ఊరు ఉంది. ఎరుపూ నలుపూ గళ్ల ఊలు కోటు, అదే గుడ్డతో ప్యాంటు వేసుకున్న తాతల ఫొటోలు ఇక్కడ ఏ ఇంట్లో చూసినా కనిపిస్తాయి. ఆ ఊలు బరువెక్కువ, తడిస్తే ఇంకా బరువు, కానీ తడిసినా వెచ్చగా ఉంటుంది, కొమ్మకు ఒరుసుకున్నా చప్పుడు చేయదు. జింక కంటికి ఎరుపు రంగు సరిగా ఆనదు కాబట్టి ఆ గళ్ల వల్ల నష్టమేమీ లేదు. ఆ ఊరి మిల్లు 2018 చివర మూతపడింది. అప్పటికే బ్రాండు ఇటలీ సంస్థతో కలిసిపోయి, పెద్ద నగరాల ఖరీదైన వీధుల్లో పార్కాలు అనే టోపీ ఉన్న చలికోట్లు అమ్ముకుంటోంది. పేరు ఇప్పటికీ ఉంది. ఆ పేరున్న కోటు ఇప్పుడు మా క్యాంపులో ఎవరైనా తొడిగితే అది తాతదే అయి ఉంటుంది.

పేరు మిగిలి దుకాణం పోయిన కథ

ఈ కథలన్నిటికీ పెద్దన్న ఆబర్‌క్రోంబీ అండ్ ఫిచ్. ఇప్పటి పిల్లలకు ఆ పేరు వింటే మాల్‌లో మసక వెలుతురు, ఘాటైన సెంటు వాసన గుర్తుకొస్తాయి. 1892లో న్యూయార్క్‌లో డేవిడ్ ఆబర్‌క్రోంబీ దాన్ని మొదలుపెట్టింది మాత్రం డేరాలు, వేట సామాను, చేపల గేలాలు అమ్మడానికి. ఎజ్రా ఫిచ్ అనే లాయరు మొదట అక్కడ ఖాతాదారు, ఆ సరుకు మీద మోజుతోనే 1900లో భాగస్వామి అయ్యాడు. వీళ్లిద్దరి మధ్యా తగువు ఎందుకొచ్చిందో గమనించదగ్గది. అడవికి వెళ్లేవాళ్లకే అమ్ముదామని ఆబర్‌క్రోంబీ పట్టు, అందరికీ అమ్ముదామని ఫిచ్ పట్టు. 1907లో ఆబర్‌క్రోంబీయే తన వాటా అమ్మేసి వెళ్లిపోయాడు. అంటే ఇప్పుడు మా పొరుగాయన పడుతున్న గొడవ, నూరేళ్ల కిందటే ఆ దుకాణం గల్లాపెట్టె వెనక ఇద్దరు యజమానుల మధ్య జరిగింది.

అయితే ఫిచ్ గెలిచిన వెంటనే సరుకు చెడిపోలేదు, ఇదే నన్ను ఆలోచనలో పడేసిన సంగతి. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లేటప్పుడు సామాను అక్కడే కొన్నాడు. రచయిత హెమింగ్వే ఆ దుకాణానికి పాత ఖాతాదారు. 1917లో మాడిసన్ అవెన్యూలో పన్నెండు అంతస్తుల భవనంలోకి మారినప్పుడు, నేలమాళిగలో తుపాకులు పేల్చి చూసుకునే చోటు, మేడ మీద గేలం విసిరి చూసుకునే నీటి మడుగు పెట్టారు. సరుకు కొనేముందు పని చేస్తుందో లేదో తేల్చుకునే సదుపాయం ఆ భవనంలోనే ఉందన్న మాట. షోకుకు కొనే సంపన్నులు వచ్చినా, తెలిసినవాడికి పరీక్షించే హక్కు పోలేదు. ఆ హక్కు ఉన్నంతకాలం దుకాణం పరువూ నిలిచింది.

1976లో దివాలా తీశారు, మరుసటి ఏడు తలుపులు మూశారు. ఇంకో ఏడాదికి హ్యూస్టన్‌కు చెందిన ఓష్మన్స్ ఆ పేరును కొన్నది. వాళ్లు కొన్నేళ్లు ఏదో నడిపారు. 1988లో ది లిమిటెడ్ అనే బట్టల వ్యాపార సంస్థ చేతికి వచ్చాక అది కుర్రకారు బట్టల కొట్టు అయింది. వేటగాళ్లను వదిలించుకోవాలని ఎవరూ పనిగట్టుకుని నిర్ణయించలేదు. పేరు మీద ఉన్న నమ్మకాన్ని, ఆ నమ్మకం తెచ్చిన సరుకు నుంచి విడదీసి అమ్మవచ్చని తెలుసుకున్నారు, అంతే.

సియాటిల్‌లో ఎడ్డీ బావర్ కథ కొంచెం వేరు. చలికాలం చేపల వేటకు వెళ్లి, తడిసిన ఊలు కోటుతో ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి, బాతు నూగు కూర్చిన గళ్ల జాకెట్టును తయారు చేసి 1940లో పేటెంటు తీసుకున్నాడు. అంటే ఆ కోటు పుట్టింది ఒక వేటగాడి వణుకులోంచి. 1971లో కంపెనీ జనరల్ మిల్స్ చేతికి వెళ్లింది, ఉదయం పిల్లలు పాలలో వేసుకు తినే చీరియోస్ తయారు చేసే ఆ కంపెనీయే. తర్వాత ఏమైందో మాల్స్‌లో తిరిగిన వాళ్లందరికీ తెలుసు.

మొదటి నుంచీ వ్యాపారమే

ఇక్కడ వేటగాళ్లు చెప్పుకునే పాత స్వర్ణయుగం గురించి నాకు ఒక అభ్యంతరం ఉంది. ఒకప్పుడు ఈ కంపెనీలు ఏదో సేవాభావంతో నడిచినట్లు, డబ్బు వాసన తగిలాక చెడిపోయినట్లు మాట్లాడతారు. లియన్ లియన్‌వుడ్ బీన్ మెయిన్ రాష్ట్రంలో రబ్బరు అడుగుతో వేట బూట్లు తయారు చేసి, ఆ రాష్ట్రంలో వేట లైసెన్సు తీసుకున్న పరాయి రాష్ట్రాల వాళ్ల జాబితా సంపాదించి వాళ్లకు కరపత్రాలు పంపాడు. ఇంతకన్నా గురి చూసి కొట్టిన వ్యాపారం ఏముంటుంది? మొదట అమ్మిన నూరు జతల్లో తొంభై అడుగు ఊడిపోయి తిరిగొచ్చాయి. అప్పు తెచ్చి అందరికీ డబ్బు వాపసు ఇచ్చి, బూటు సరిచేసి మళ్లీ అమ్మాడు. 1912లో మొదలైన ఆ ఎల్. ఎల్. బీన్ కంపెనీ ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది.

వేట, చేపల సామాను కేటలాగు ద్వారా అమ్మే కబేలాస్ పుట్టుక ఇంకా చిత్రం. 1961లో నెబ్రాస్కాలో డిక్ కబేలా అనే ఆయన, ఫర్నిచర్ వ్యాపారం పని మీద షికాగో వెళ్లి, చేపలకు ఎరగా వాడే, చేత్తో కట్టిన నకిలీ ఈగలు కొన్ని చవగ్గా కొనుక్కొచ్చాడు. డాలరుకు పన్నెండు అని పత్రికలో ప్రకటన వేస్తే దాదాపు ఎవరూ పలకలేదు. ఐదు ఈగలు ఉచితం, పోస్టు ఖర్చుకు పాతిక సెంట్లు పంపండి అని మార్చి వేస్తే ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆ చిరునామాలకే మొదటి కేటలాగు వెళ్లింది. వంటింటి బల్ల మీద మొదలైన ఆ వ్యాపారం, ఏడు వేల జనాభా కూడా లేని సిడ్నీ అనే ఊరికి బతుకుతెరువైంది. కబేలాస్ కేటలాగును మా పొరుగాయన భార్య పారేయబోతే ఇంట్లో యుద్ధం జరిగేదట. కాబట్టి మా పొరుగాయన తరం దేన్ని అంత ఆప్యాయంగా తలుచుకుంటుందో అదీ వ్యాపార ఎత్తుగడే. నమ్మకం మాత్రం నిజమైనదే, ఈ రెంటికీ వైరం లేదు.

వైరం వచ్చింది ఇంకో చోట. 2004లో కబేలాస్ షేర్ల బజారుకు ఎక్కింది. 2015లో ఎలియట్ మేనేజ్‌మెంట్ అనే పెట్టుబడి సంస్థ వాటా కొని, కంపెనీని అమ్మకానికి పెట్టమని ఒత్తిడి తెచ్చింది. 2017లో పోటీ సంస్థ బాస్ ప్రో షాప్స్ దాన్ని కొనేసింది. సిడ్నీలో దాదాపు రెండు వేల ఉద్యోగాలు పోయాయి. ఆ వాటాదారులు గేలం పట్టారా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. వేటగాడు తన ఫిర్యాదును ఒక ఉత్తరం రాసి సిడ్నీకి పంపేవాడు, దాన్ని చదివే మనిషి కూడా శనివారం వేటకు వెళ్లేవాడు. ఆ దారి మూసుకుపోయింది.

కొత్త తరం కంపెనీలు, నాకున్న సందేహం

నా వాదన ఇంతవరకూ సాఫీగానే నడిచింది. సిట్కా అనే వేట దుస్తుల కంపెనీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంత తేలిగ్గా నడవదు.

పర్వతారోహకుల దుస్తుల్లో వాడే గుడ్డ, కత్తిరింపు వేటగాళ్లకెందుకు ఉండకూడదన్న ఆలోచనతో కాలిఫోర్నియాలో జోనథన్ హార్ట్, జేసన్ హెయిర్‌స్టన్ అనే ఇద్దరు సిట్కా మొదలుపెట్టారు. 2009లో దాన్ని, వాన నీరు దిగని గోరెటెక్స్ గుడ్డ తయారు చేసే డబ్ల్యూ. ఎల్. గోర్ సంస్థ కొన్నది. వేటగాళ్ల కంపెనీని ఒక రసాయనాల కంపెనీ మింగేసిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. నిజానికి నేను చూసినంతలో, ఆ కొనుగోలు తర్వాత సరుకు మెరుగుపడిందే కానీ చెడలేదు. మనిషి కన్ను చూసే ఆకుల బొమ్మను గుడ్డ మీద అచ్చొత్తే పాత పద్ధతి వదిలి, గిట్టల జంతువుల కంటికి ప్రపంచం ఎలా కనిపిస్తుందో చూసి ఆప్టిఫేడ్ అనే కామో గుడ్డను, అంటే మనిషిని పరిసరాల్లో కలిపేసి కనబడకుండా చేసే గుడ్డను తయారు చేయించారు. గోర్ షేర్ల బజారులో లేని సంస్థ, ఉద్యోగులకూ వాటాలున్న సంస్థ. చేతులు మారడమే పాపమైతే సిట్కా ఎప్పుడో చెడిపోయి ఉండాలి.

హెయిర్‌స్టన్ తర్వాత బయటికి వచ్చి 2011లో క్యూయూ అనే కంపెనీని నడపడం మొదలుపెట్టాడు. దుకాణదారు లాభం లేకుండా నేరుగా వేటగాడికే అమ్మడం, ఏ గుడ్డ ఎక్కడి నుంచి ఎందుకు తెస్తున్నాడో కంపెనీ తయారవుతుండగానే బయటికి రాయడం ఆయన పద్ధతి. సిట్కా మీద మనసు విరిగిన వాళ్లు చాలామంది ఆయన వెంట నడిచారు. అంటే వాళ్లు అంటిపెట్టుకున్నది పేరును కాదని, తమ మాట వినే మనిషిని అని తేలింది. 2018లో ఆయన చనిపోయాడు. ఆ తర్వాత కూడా క్యూయూను తొడిగేవాళ్లు తొడుగుతూనే ఉన్నారు కానీ, “జేసన్ ఉన్నప్పుడు” అనే మాట మాత్రం క్యాంపుల్లో కొత్తగా వినిపిస్తోంది. మెరీనో ఊలు లోదుస్తులతో ఐడాహోలో పుట్టిన ఫస్ట్ లైట్‌ను 2019లో మీట్ ఈటర్ సంస్థ కొన్నది. వేట గురించి కార్యక్రమాలు తీసేవాళ్లే వేట దుస్తులూ అమ్మితే, ఆ కార్యక్రమంలో కోటు గురించి చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలన్నది నా చిన్న సందేహం. వాళ్ల ఊలు బాగుంటుంది, అది వేరే సంగతి.

కామో గురించి ఒక మాట. మా రాష్ట్రంలో రైఫిలు సీజనులో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు కనబడాలన్నది నిబంధన. ఎంత ఖరీదైన కామో జాకెట్టు అయినా దాని మీద పది డాలర్ల నారింజ చొక్కా వేసుకోవలసిందే. విల్లు సీజనులో కామోకు అర్థం ఉంది, పూర్తిగా కొట్టిపారేయను. కానీ వేటగాళ్లు తమను మాత్రం ఫ్యాషను తాకలేదని చెప్పుకునేటప్పుడు ఈ నారింజ చొక్కా కింద దాగి ఉన్న వందల డాలర్ల అచ్చు బొమ్మను ఒకసారి తలుచుకోవాలి. మాస్సీ ఓక్, రియల్‌ట్రీ రెండూ 1986లో మొదలై, ఆ బొమ్మ హక్కులను పదిమంది తయారీదారులకు ఇచ్చి బతుకుతున్న కంపెనీలే. మేం వేటగాళ్లం అని పక్కవాడికి చెప్పుకోవడానికి గుడ్డ కొన్న మొదటివాళ్లం మేమే.

ఆ ఇతరుల్లో నేనూ ఒకణ్ని

ఎవరు పడితే వాళ్లు తొడుగుతున్నారు అన్న మాట విన్నప్పుడల్లా నాకు లోపల కొంచెం గుచ్చుకుంటుంది. తాత తుపాకీ లేదు, తండ్రి నేర్పిన అడవి లేదు, గోదావరి జిల్లా నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చి, రాష్ట్రం పెట్టే హంటర్ ఎడ్యుకేషన్ పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నవాణ్ని. ముప్ఫై ఏళ్ల కిందట అయితే నా భుజాల కొలతకు సరిపడే వేట కోటు ఏ ఊరి దుకాణంలోనూ దొరికేది కాదు. పిల్లల విభాగంలో వెతుక్కోవలసి వచ్చేది. ఆడవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. మగవాళ్ల కోట్లనే మడిచి, బెల్టు బిగించి తొడిగేవాళ్లమని మా క్యాంపులో ఒక పెద్దావిడ చెబుతారు. కంపెనీలు పెరిగి, పాత ఖాతాదారుల పరిధి దాటి చూడబట్టే మా ఇద్దరికీ సరిపోయే కొలతలు వచ్చాయి. వ్యాపారం పెరగడాన్ని ఆవిడ ముందు తిట్టే ధైర్యం నాకు లేదు.

లెక్క కూడా కంపెనీల వైపే ఉంది. అమెరికా ప్రభుత్వ 2016 సర్వే ప్రకారం వేటాడేవాళ్లు కోటీ పదిహేను లక్షల మంది, పదహారేళ్లు దాటిన జనాభాలో నూటికి ఐదుగురి లోపు. వాళ్లలోనూ ఏటా కొత్త కోటు కొనేవాళ్లు ఎందరు? మంచి కోటు అయితే పదేళ్లు ఆగుతుంది, అంటే మంచి సరుకు అమ్మేవాడికి తన సరుకే పోటీ. ఇంగ్లండులో 1894లో మొదలైన బార్బర్ కంపెనీ మైనం కోట్లను 1980లలో లండన్ సంపన్నులు వీధుల్లో తొడిగారు, తర్వాత సంగీతోత్సవాల్లో తారలు తొడిగారు. ఆ డబ్బుతోనో ఏమో, సౌత్ షీల్డ్స్‌లో పాత కోట్లకు మళ్లీ మైనం పూసి, చిరుగులు కుట్టి పంపే పని ఇప్పటికీ నడుస్తోంది. బురదలో నడిచేవాడి కోటు మరమ్మతుకు బురద తొక్కనివాడి కొనుగోలు సాయపడుతోందంటే అందులో తప్పేముంది? సియాటిల్‌లో 1897లో క్లాండైక్ బంగారం వేటకు వెళ్లేవాళ్ల కోసం పుట్టిన ఫిల్సన్ కూడా 2012లో చేతులు మారాక పట్నం సంచులు బాగా అమ్ముతోంది. కొన్ని సరుకులు విదేశాల్లో కుట్టిస్తోందని పాతవాళ్లు గొణుగుతారు, కానీ 1914లో పేటెంటు తీసుకున్న ఆ క్రూయిజర్ ఊలు కోటు కేటలాగు నుంచి పోలేదు.

కాబట్టి ఎవరు తొడుగుతున్నారు అన్నది పక్కన పెట్టి, పాడైతే ఏం చేస్తున్నారు అన్నదే చూడాలని నేను అనేది. ఈ మధ్య నా జాకెట్టు జిప్పు పళ్లు మూడో సీజనులోనే జారిపోయాయి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఫొటో పంపమన్నారు, పంపాను. అది సహజమైన అరుగుదల అని, మరమ్మతు చేసే ఏర్పాటు తమకు లేదని, విచారిస్తున్నామని చెప్పి, కొత్తది కొంటే ఇరవై శాతం తగ్గిస్తామని కూపను పంపారు. ఆ ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. జిప్పు ఎక్కడ విడిపోయిందో, ఏ చలిలో విడిపోయిందో, చేతి తొడుగుతో లాగానా వట్టి చేత్తో లాగానా అని ఒక్క ప్రశ్న లేదు. మా పక్క ఊళ్లో బూట్లు కుట్టే ఆయన పద్దెనిమిది డాలర్లకు ఇత్తడి జిప్పు వేసి ఇచ్చాడు. వేసేముందు ఈ ప్రశ్నలన్నీ ఆయనే అడిగాడు.

పాడైన సరుకు తిరిగి రావడమంటే ఆ వృత్తిలో సమాచారం తిరిగి రావడం. బీన్‌కు తొంభై జతలు తిరిగి రాకపోతే ఆ బూటు బాగుపడేదే కాదు. అదే కంపెనీ, జీవితకాలం ఎప్పుడైనా వాపసు తీసుకుంటామన్న మాటను 2018 ఫిబ్రవరిలో ఏడాదికి కుదించింది. పాత బజారుల్లో, చెత్తకుండీల్లో ఏరిన బూట్లు తెచ్చి డబ్బు అడిగేవాళ్లు ఎక్కువయ్యారన్నది వాళ్ల కారణం, అది అబద్ధమని నేను అనను. ఆ దుర్వినియోగం చేసినవాళ్లను తిట్టకుండా కంపెనీనొక్కదాన్నే తిట్టే వేటగాళ్లను నేను చూశాను. అయినా ఆ రోజు తర్వాత మా పొరుగాయన ఆ బూట్ల గురించి మాట్లాడే తీరు మారింది. బూటు మారలేదు.

రాజకీయాల వల్ల విధేయత మార్చుకునేవాళ్లూ ఉన్నారు. తుపాకుల వాదం మీద ఒక కంపెనీని, టీకాల మీద ఇంకో కంపెనీని, ప్రభుత్వ భూముల మీద మరో కంపెనీని వదిలేశామంటారు. అది వేరే చర్చ, అందులో కోటు ఊసు తక్కువ.

డబ్బు ఎటు వెళుతోంది

వేటగాళ్లు గట్టిగా అడగదగ్గ ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ల మీద, తూటాల మీద పదకొండు శాతం పన్ను వసూలు చేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు ఇస్తారు. విల్లంబులూ తర్వాత అందులో చేరాయి. అడవులూ జింకలూ మా డబ్బుతోనే నిలిచాయని వేటగాళ్లు గర్వంగా చెప్పుకునేది ఈ పన్ను వల్లే, ఆ గర్వం న్యాయమైనదే. కానీ కోటు మీద, బూటు మీద, వీపు సంచి మీద ఆ పన్ను లేదు. 1990లలో ఈ సామాను మీద కూడా చిన్న పన్ను వేయాలని ప్రతిపాదన వస్తే ఆ పరిశ్రమలోని కంపెనీలే అడ్డుపడ్డాయి, అది చట్టం కాలేదు. అంటే కేటలాగు మొదటి పేజీలో పొగమంచు కొండ, దుప్పి కొమ్ములు, సంరక్షణ గురించి నాలుగు మంచి మాటలు ఉన్నా, ఆరు వందల డాలర్ల జాకెట్టు కంటే ఇరవై డాలర్ల తూటాల పెట్టెకే చట్టరీత్యా బాధ్యత ఎక్కువ. కొన్ని కంపెనీలు తమంతట తాము విరాళాలు ఇస్తాయి. ఇష్టమైతే ఇచ్చేదానికీ ఇవ్వక తప్పనిదానికీ తేడా ఉంది కదా. ఒక కంపెనీ మనవాళ్లదా కాదా అని తేల్చడానికి దుకాణం అద్దాల వెనక బొమ్మల చేతిలో ఏముందో చూడడం కంటే, ఇలాంటి పన్నుకు ఆ కంపెనీ ఇప్పుడు ఒప్పుకుంటుందా అని అడగడం మేలు.

మా పొరుగాయన మనవడికి పందొమ్మిదేళ్లు. ఏ కంపెనీ మీదా వాడికి అభిమానం లేదు. లోదుస్తులు ఒకరివి, ప్యాంటు ఇంకొకరిది, పై కోటు సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత అమెరికా తయారీ ఊలుది, చేతి తొడుగులు హార్డ్‌వేర్ కొట్టులో ఎలక్ట్రీషియన్ల కోసం పెట్టినవి. ప్రతిదీ బరువు తూచి, కొన్నవాళ్ల ఫిర్యాదులు చదివి కొంటాడు. తాతకు ఇది నచ్చదు, నాకు చాలా నచ్చుతుంది. ఒక్కటే నాకు ఇంకా తేలలేదు. వాడు దేన్నీ రెండోసారి కొనడు, నచ్చనిదాన్ని ఫిర్యాదు చేయకుండా అమ్మేసి ఇంకొకటి తెచ్చుకుంటాడు. కిందటిసారి చంక కింద కుట్టు విడిపోయిన కోటును అలాగే వదిలించుకున్నాడు. కంపెనీకి చెప్పావా అని అడిగితే, “చెబితే వాళ్లు వింటారా అంకుల్?” అన్నాడు. విడిపోయిన చోటు ఫొటో తీసి ఆ కంపెనీకి నేనే పంపాను. కూపను వచ్చింది.